అగ్రిమెంట్ మీద అమ్మ పేరు

నాన్న పోయిన ఏడాదికి అమ్మ ఫోన్ చేసి ఒక మాట చెప్పింది. "మీ ఊరు వస్తాను. మీ ఇంటికి మాత్రం రాను."

నేనుండేది పెద్ద నగరం. అప్పటికి అమ్మకి 73 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులున్నాయి, బీపీకి మాత్ర వేసుకుంటుంది, ఒక కంటికి శుక్లం తీయించుకుంది. అంతకు మించి ఏమీ లేదు. తన పనులన్నీ తనే చేసుకుంటుంది, తన పెన్షన్ తనకి వస్తుంది. విడిగా ఒక అద్దె అపార్ట్‌మెంట్ చూడమంది. చూశాను.

ఎనిమిదో అంతస్తు, కొత్త బిల్డింగ్. రెండు లిఫ్టులు, గేటు దగ్గర ఇరవై నాలుగు గంటలూ సెక్యూరిటీ, మా ఇంటికి నాలుగు నిమిషాల దూరం. ఒక ఆదివారం వెళ్ళి ఇరవై నిమిషాల్లో చూసి, అడ్వాన్స్ ఇచ్చి, నా పేరు మీద అగ్రిమెంట్ రాయించుకుని వచ్చాను. అమ్మ వచ్చేసరికి సామాను కూడా సర్దేసి ఉంచాను. చాలా మంచి పని చేశాననుకున్నాను.

పదకొండో నెలలో ఆ ఇల్లు ఖాళీ చేశాం. నీళ్ళకి ఇబ్బంది లేదు, ఓనర్ మంచాయన, పొరుగువాళ్ళతో గొడవలు లేవు. కానీ మొదట్లో రోజూ కిందికి దిగే అమ్మ, తర్వాత వారానికి రెండుసార్లు దిగింది. ఆ తర్వాత నేను వెళ్ళి తీసుకెళితేనే దిగేది. మాటలు తగ్గిపోయాయి. పొద్దున్నే లేవడం మానేసింది. వయసు వల్లేమో అనుకున్నాను. నాన్న లేని బెంగేమో అని కూడా అనుకున్నాను. ఒకరోజు గట్టిగా అడిగితే చెప్పింది: "నీకు భయం లేని ఇల్లు చూశావే నువ్వు. నేనుండే ఇల్లు చూడలేదు."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నాలాగే అమ్మానాన్నల కోసం, అత్తమామల కోసం అద్దె ఇల్లు వెతుకుతున్నవాళ్ళకి చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. నా వాదన ఒక్కటే. పెద్దవాళ్ళు ఉండబోయే ఇంటిని పెద్దవాళ్ళే చూడాలి, వాళ్ళే ఎంచుకోవాలి, అగ్రిమెంట్ వాళ్ళ పేరు మీదే ఉండాలి. బాత్రూంలో పట్టుకునే కమ్మీలు, ర్యాంపు, లిఫ్టు, సెక్యూరిటీ ఇవన్నీ కావలసినవే. కానీ వాటిని చూసి మనం తేల్చేసిన ఇంట్లో వాళ్ళని తీసుకొచ్చి పెట్టడం వేరు, వాళ్ళు వచ్చి కాపురం పెట్టడం వేరు.

ముసలితనానికీ, ఉండే చోటుకీ ఉన్న సంబంధం మీద పావెల్ లాటన్, లూసిల్ నహెమో అనే ఇద్దరు పరిశోధకులు 1973లో ఒక సిద్ధాంతం చెప్పారు. మనిషికి కొంత శక్తి ఉంటుంది. ఉండే చోటు ఆ మనిషిని రోజూ ఎంతోకొంత పని అడుగుతుంది. శక్తికి మించి అడిగితే మనిషి అలిసిపోతాడు, భయపడతాడు. ఇంతవరకూ ఎవరైనా ఊహించగలరు. రెండో సగమే నాకు కొత్త. ఆ చోటు మరీ తక్కువ అడిగినా మనిషి మందగిస్తాడు, ఉన్న శక్తి కూడా వాడకం లేక పోతుంది. ఇది చదివాక ఆ ఎనిమిదో అంతస్తు ఇల్లు గుర్తొచ్చింది. అది గుమ్మం లోపల అమ్మని ఏమీ అడగలేదు, గేటు బయట అడ్డమైనదంతా అడిగింది.

గేటు ముందు వెడల్పాటి రోడ్డు. అవతల పార్కు, మందుల షాపు. సిగ్నల్ ఉంది, ఫుట్‌పాత్ ఉంది. నాకేం లోపం కనపడలేదు. రోడ్డు దాటే సిగ్నళ్ళకి టైము పెట్టేటప్పుడు మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని చాలా చోట్ల లెక్క వేసుకుంటారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు 0.8 దగ్గర ఉంటారు. 18 మీటర్ల రోడ్డు దాటడానికి మొదటి లెక్కన 15 సెకన్లు చాలు. రెండో లెక్కన 22 సెకన్లు దాటుతుంది. ఆ ఏడెనిమిది సెకన్లూ అమ్మ రోడ్డు మధ్యలో ఉండేది, హారన్లు మోగేవి. రెండుసార్లు అలా అయ్యాక మూడోసారి గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. ఆ సంగతి నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "అగ్రిమెంట్ నీది, అడ్వాన్స్ నీది, ఇంత కష్టపడి చూశావు. బాలేదని ఎలా అంటాను?" అంది.

అమ్మానాన్నలకి ఇల్లు చూసేటప్పుడు మనం ఈ పాయింటు దగ్గరే దెబ్బతింటాం. పిల్లల పేరు మీదున్న ఇంట్లో పెద్దవాళ్ళు చుట్టాల్లా ఉంటారు. చుట్టాలు ఇంటికి వంకలు పెట్టరు. కుళాయి కారుతుంటే ఓనర్ నాకు ఫోన్ చేసేవాడు, నేను అమ్మకి చేసేదాన్ని, అమ్మ తలుపు తీసేది. అసోసియేషన్ మీటింగ్ ఉందంటే మెసేజ్ నాకు వచ్చేది. ఆ బిల్డింగ్‌లో అమ్మకి పేరు లేదు. "ఫలానా ఫ్లాట్ మేడమ్ వాళ్ళమ్మగారు", అంతే.

రెండోసారి ఇల్లు వెతుకుతున్నప్పుడు అమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాను. రోజుకి ఒక్క ఇల్లే. బ్రోకర్‌కి విసుగొచ్చింది, మధ్యలో మానేశాడు. ఇంకో బ్రోకర్ దొరికాడు. ఆ నెలా పదిహేను రోజుల్లో అమ్మ ఇల్లు ఎలా చూస్తుందో పక్కనుండి చూశాను. నేను హాలు కొలుస్తాను, కిటికీలు లెక్కపెడతాను. అమ్మ నేరుగా బాత్రూంలోకి వెళ్ళేది.

లోపలికెళ్ళి తలుపేసుకుని గడియ పెట్టి తీసి చూసేది. కమోడ్ మీద కూర్చుని, చేత్తో దేన్నీ పట్టుకోకుండా లేవగలదో లేదో చూసుకునేది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కమోడ్ ఎత్తు 45 నుంచి 48 సెంటీమీటర్లుంటే లేవడం సులువు. మామూలుగా పెట్టేవి అంతకన్నా ఒక బెత్తెడు తక్కువ ఉంటాయి. లేచేటప్పుడు చెయ్యి దానంతటదే ఎక్కడికి పోతుందో కూడా చూసుకుంది. ఒక ఇంట్లో తువ్వాలు ఆరేసే కడ్డీ మీదికి పోయింది. "ఇది నా బరువుకి ఊడొస్తుంది," అంది. నిజమే. పట్టుకుని లేవడానికి పెట్టే కమ్మీ వంద కిలోలు దాటిన బరువు లాగినా కదలకూడదు, అందుకు వెనకాల గట్టి గోడ ఉండాలి. తువ్వాలు కడ్డీకి రెండు చిన్న మరలే ఉంటాయి. తర్వాత కాస్త నీళ్ళు చల్లి, చెప్పులు విడిచి, గోడ పట్టుకుని పాదం జరిపి చూసేది. ఎన్ని ఇళ్ళు ఆ ఒక్క పరీక్షలో పోయాయో చెప్పలేను. నున్నగా మెరిసే టైల్స్ ఉన్న ఇళ్ళన్నీ పోయాయి.

ఆ తర్వాత మంచం వేసే చోటు నుంచి బాత్రూం దాకా అడుగులు లెక్కపెట్టేది. రాత్రి రెండు మూడుసార్లు లేస్తుంది కాబట్టి ఆ అడుగులే తనకి ముఖ్యం. మంచం మీంచి చెయ్యి చాపితే స్విచ్ అందాలి. బాత్రూం గుమ్మంలో రెండంగుళాల గట్టు ఉంటే వద్దంది. మెట్టయితే కంటికి కనపడుతుంది, ఈ గట్టు కనపడదు. 60 ఏళ్ళ కంటి లోపలికి చేరే వెలుతురు 20 ఏళ్ళ కంటితో పోలిస్తే దాదాపు మూడో వంతే. మనకి బాగా వెలుగుగా ఉన్న చోట వాళ్ళు మసక చీకట్లో నడుస్తున్నట్టే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది కిందపడి చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ తగిలే గాయాలతో పోయేవాళ్ళలో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం ఇదే. ఆ పోయేవాళ్ళలో ఎక్కువమంది 60 దాటినవాళ్ళు. పడి బతికినవాళ్ళ సంగతి ఈ అంకెలో లేదు. తుంటి ఎముక విరిగి మళ్ళీ మునుపటిలా నడవలేనివాళ్ళని మనందరం చూశాం.

బాత్రూం తలుపు గురించి ఒక్క మాట చెప్పాలి, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చాలా ఇళ్ళలో తలుపు లోపలికి తెరుచుకుంటుంది. లోపల మనిషి పడిపోతే ఆ మనిషే తలుపుకి అడ్డం. బయటివాళ్ళు తోసిన కొద్దీ లోపలివాళ్ళకి దెబ్బ. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా జరిపే తలుపు అయినా ఉండాలి. గడియ అవసరమైతే బయటినుంచి తీయగలిగేలా ఉండాలి.

లిఫ్ట్ విషయం కూడా అంతే. మొదటి బిల్డింగ్‌లో రెండు లిఫ్టులున్నాయని సంతోషపడ్డానా, పై అంతస్తులో ఒక పెద్దాయనకి ఒంట్లో బాగోక అంబులెన్స్ వచ్చినప్పుడు తెలిసింది, స్ట్రెచర్ రెండిట్లోనూ పట్టదని. దాదాపు రెండు మీటర్ల స్ట్రెచర్ అది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి దించారు. లిఫ్ట్ ఉందా అనే అడుగుతాం. మనిషిని పడుకోబెట్టి దించగలమా, కరెంటు పోతే ఏది నడుస్తుంది, రిపేరు వస్తే ఎన్నాళ్ళు ఆగుతుంది అని ఎవరం అడగం.

చివరికి అమ్మకి నచ్చిన ఇల్లు నాకు అస్సలు నచ్చలేదు. పాత బిల్డింగ్, మొదటి అంతస్తు, చిన్న హాలు, పైగా వీధి వైపు, గోల. మా ఇంటికి పాతిక నిమిషాల దూరం. మందుల షాపు, బ్యాంకు, పార్కు అన్నీ వీధికి ఇటువైపే, రోడ్డు దాటక్కర్లేదు. అమ్మ ఆ ఇంటి కిటికీ దగ్గర పది నిమిషాలు అలా నిలబడిపోయింది. నేను వెళ్దామా అంటుంటే, "ఉండవే, మనుషులు కనపడుతున్నారు," అంది. కింద గేటు పక్కన బెంచీ మీద నలుగురు పెద్దవాళ్ళు కూర్చుని ఉన్నారు. దిగి వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంది. అరగంటలో ఆ బిల్డింగ్ గుట్టంతా తెలిసిపోయింది. ఏ ఫ్లాట్‌లో నీళ్ళు కారతాయో, ఏ ఓనర్ ఫోన్ ఎత్తడో, లిఫ్ట్ ఎప్పుడెప్పుడు ఆగుతుందో అన్నీ.

ఇలా ఎవరూ ప్రత్యేకంగా కట్టకపోయినా, ఏళ్ళ తరబడి ఉంటూ ఉంటూ పెద్దవాళ్ళే ఎక్కువైపోయిన బిల్డింగులు, వీధులు ప్రతి నగరంలోనూ ఉంటాయి. అమెరికాలో మైకేల్ హంట్ అనే ప్రొఫెసర్ 1980లలో వీటిని గమనించి, సహజంగా ఏర్పడిన పెద్దల నివాసాలు అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఏ ప్రకటనలోనూ ఇవి కనపడవు. సాయంత్రం అయిదింటికి వెళ్ళి గేటు దగ్గర ఎవరు కూర్చున్నారో చూస్తేనే తెలుస్తుంది. మేమూ అలాగే కనుక్కున్నాం.

పెద్దవాళ్ళ కోసమే కట్టి అద్దెకిచ్చే సీనియర్ అపార్ట్‌మెంట్లు కూడా రెండు చూశాం. బాగున్నాయి. డబ్బు సరిపోయేవాళ్ళకి, కాస్త సాయం కావలసినవాళ్ళకి మంచివే. అయితే ఒకదాని అగ్రిమెంట్‌లో, అద్దెకుండే మనిషి ఆరోగ్యం ఒక స్థాయి కన్నా తగ్గితే ఖాళీ చేయాలని ఉంది. ఆ స్థాయి ఎవరు తేలుస్తారో లేదు. అలాంటి చోటికి వెళ్ళేవాళ్ళు ముందుగా ఆ పేజీయే చదవాలి. ఏ సేవలు అద్దెలో కలిసి ఉన్నాయి, ఏవి విడిగా కట్టాలి, ఆ విడి చార్జీలు ఎలా పెరుగుతాయి అన్నది తర్వాత.

ఇల్లు దొరకడం ఒక ఎత్తు, ఓనర్ ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. అమ్మ వయసు వినగానే ముగ్గురు ఓనర్లు మళ్ళీ ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు. ఒకాయన నాతోనే నేరుగా అన్నాడు: "మీ పేరు మీదైతే ఇస్తానండీ. ఆవిడ ఒక్కరే ఉంటారంటున్నారు. రేపేదన్నా అయితే?" అమ్మ పక్కనే కూర్చుని ఉంది. ఆయన ఒక్కసారి కూడా అమ్మ మొహం వైపు చూడలేదు. అమ్మ చీర కొంగు చివర మడతపెడుతూ, విప్పుతూ, మళ్ళీ మడతపెడుతూ కూర్చుంది. మెట్లు దిగి వచ్చేటప్పుడు నాతో ఏమీ అనలేదు. నాకు దుఃఖం వచ్చింది.

కానీ ఆ ఓనర్ల భయం ఉత్తిదని నేను అనను. ఒంటరిగా ఉన్న మనిషి పోతే ఎవరికి చెప్పాలి, సామాను ఎవరు తీస్తారు, అప్పటిదాకా అద్దె ఎవరిస్తారు, అడ్వాన్స్ ఎవరికి తిరిగివ్వాలి. ఇవి న్యాయమైన ప్రశ్నలే. వీటికి జవాబు కాగితం మీద రాయాలి గానీ, మనిషికి ఇల్లు లేదనడం జవాబు కాదు. ముసలివాళ్ళు బాగా ఎక్కువున్న జపాన్‌లో ఈ భయం చాలా ఉంది. అక్కడ 2001లో చేసిన చట్టంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళ కోసం ఒక కొత్త రకం అద్దె ఒప్పందం పెట్టారు. అద్దెకున్న మనిషి బతికున్నంత కాలం అది చెల్లుతుంది, పోగానే ముగుస్తుంది, వారసత్వంగా పిల్లలకి రాదు. ఇటు పెద్దవాళ్ళకి ఏటా ఖాళీ చేయమంటారన్న టెన్షన్ లేదు, అటు ఓనర్‌కి తర్వాత వారసులతో చిక్కు లేదు. చావు సంగతి ఇద్దరూ ముందే ఒప్పుకుని సంతకం పెట్టుకుంటున్నారు. నాకు ఇది చాలా మర్యాదైన ఏర్పాటనిపించింది.

మా దగ్గర అలాంటి ఒప్పందం లేదు. ఉన్న అగ్రిమెంట్‌లోనే రాయించుకున్నాం. అద్దె అమ్మ పేరు మీద, నేను హామీదారుని మాత్రమే. అమ్మ పోతే నేను ఇన్ని రోజుల్లో సామాను తీసేస్తాను, అప్పటిదాకా అద్దె ఇస్తాను, అడ్వాన్స్ నాకు తిరిగిస్తారు. ఆస్పత్రిలో ఎక్కువ రోజులుండాల్సి వచ్చి ఇల్లు వదులుకోవాలంటే తక్కువ నోటీసుతో వదులుకోవచ్చు. సాయానికి ఒక మనిషిని పెట్టుకుంటే ఆ మనిషి రాత్రి ఉండొచ్చు. బాత్రూంలో కమ్మీలు బిగించుకోవచ్చు, వెళ్ళేటప్పుడు గోడ సరిచేసివ్వాలి. ఇవన్నీ చదివి వినిపించాక, అమ్మకి నచ్చిన ఆ ఇంటి ఓనర్ మొహంలో మార్పు నా కళ్ళతో చూశాను. ఆయన అడగడానికి మొహమాటపడుతున్నవే మేం ముందు చెప్పేశాం. బాత్రూం తలుపు మార్చడానికి మాత్రం ఒప్పుకోలేదు. అప్పటికి వదిలేశాం.

దీనికి నా అన్నయ్య చెప్పే అభ్యంతరం ఒకటుంది. "అన్నీ వాళ్ళకే వదిలేస్తే ఎలా? మతిమరుపు ఉన్నవాళ్ళ సంగతేంటి?" నిజమే, మతిమరుపు జబ్బు ముదిరిన మనిషి చేత అగ్రిమెంట్ మీద సంతకం పెట్టించలేం. అక్కడ మనమే పూనుకోవాలి. కానీ ఎంచుకునే శక్తి ఒక్కరోజులో పోదు. పది ఇళ్ళు చూడలేని మనిషి రెండు చూడగలరు. ఇల్లు ఎంచుకోలేనివాళ్ళు ఏ గదిలో పడుకోవాలో, మంచం ఏ వైపు వేయాలో చెప్పగలరు. ఎంత మిగిలితే అంతా వాళ్ళకే ఉంచాలంటాను నేను.

ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1976లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇందుకే గుర్తు చేస్తున్నాను. అమెరికాలో ఒక వృద్ధుల నర్సింగ్ హోంలో ఒక అంతస్తువాళ్ళకి, మీ గది మీ ఇష్టం వచ్చినట్టు సర్దుకోండి, ఈ మొక్కల్లో ఒకటి ఎంచుకుని మీరే పెంచుకోండి అని చెప్పారు. ఇంకో అంతస్తువాళ్ళకి, మిమ్మల్ని బాగా చూసుకునే బాధ్యత మాది అని చెప్పి, మొక్క ఇచ్చి, నర్సులే నీళ్ళు పోస్తారన్నారు. మూడు వారాల తర్వాత చూస్తే మొదటివాళ్ళు ఎక్కువ చురుగ్గా, హుషారుగా ఉన్నారు. చిన్న అధ్యయనమే. కానీ ఆ రెండో అంతస్తు మాటలు చదువుతుంటే నా గొంతే వినపడింది. అమ్మకి ఎనిమిదో అంతస్తు తాళం ఇచ్చిన రోజు నేను అచ్చంగా ఆ మాటే అన్నాను: "నువ్వేం ఆలోచించకమ్మా, అన్నీ నేను చూసుకుంటాను."

పాతిక నిమిషాల దూరం నాకింకా బాధగానే ఉంది. అర్ధరాత్రి ఫోన్ మోగితే గుండె ఝల్లుమంటుంది. పొద్దున్న ఏడింటికి అమ్మ నాకు మెసేజ్ పెట్టాలి, రాకపోతే ఎదురు ఫ్లాట్ ఆవిడ తలుపు కొడుతుంది, ఆవిడ దగ్గర ఒక తాళం ఉంది. ఈ ఏర్పాటు నేను చెప్పింది కాదు, అమ్మ చేసుకున్నది. ఆవిడ మెసేజ్ రాకపోతే అమ్మ వెళ్ళి ఆవిడ తలుపు కొడుతుందట.

పోయిన ఆదివారం వెళ్ళినప్పుడు చేతులు కడుక్కుంటుంటే వంటింటి సింకుకి కొత్త కుళాయి కనపడింది. ఎప్పుడు మార్చారమ్మా అన్నాను. "పోయిన నెల. కారుతుంటే ఓనర్‌కి ఫోన్ చేశాను, మర్నాడే మనిషిని పంపించాడు." నాకు చెప్పలేదేం అంటే, ఎందుకు చెప్పాలన్నట్టు చూసింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, బీరువాలోంచి ఫైలు తీసి, అగ్రిమెంట్ తేదీ మీద వేలు పెట్టి చూపించింది. ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది.

"ఈసారి మూడేళ్ళకి రాయమన్నాను. బాత్రూం తలుపు బయటికి తీసేలా మార్పిస్తేనే సంతకం పెడతానని కూడా చెప్పాను. వడ్రంగిని తీసుకుని బుధవారం వస్తానన్నాడు."